యాసెనా స్త్రీలు ఎందుకు తిరిగివస్తారు: డాక్టర్ జెల్మీరా హ్రొంచెకొవా గారి ముప్పై ఎనిమిదేళ్ళ అన్వేషణ

1986వ సంవత్సరం సెప్టెంబరు ఒకటవ తేదీ, సోమవారం ఉదయం ఏడున్నర గంటలకు, లూచెనెత్స్ పట్టణంలోని మన శ్రామిక పరిశోధనా కేంద్రంలో పట్టికల గుమాస్తాగా శ్రీమతి జెల్మీరా హ్రొంచెకొవా గారు పదవీ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి వారి వయస్సు ఇరవై అయిదేళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళకు రెండు నెలలు మాత్రమే తక్కువైన సుదీర్ఘ సేవానంతరం, ఈ జూన్ మాసాంతాన ముఖ్య పరిశోధకురాలిగా వారు పదవీ విరమణ చేయుచున్న సందర్భాన, వారి సహోద్యోగుల పక్షాన ఈ అభినందన వ్యాసాన్ని సమర్పించుకుంటున్నాము.

వారి మొదటి రోజున జరిగిన సంభాషణ ఒకటి మన కేంద్రంలో నేటికీ చెప్పుకుంటారు. కమ్యూనిస్టు పాలన సాగుతున్న ఆ రోజులలో కేంద్రం అధిపతి అయిన ఇంజనీర్ గెయ్‌జా పాల్కో గారు ఆమె ముందు ఒక కాగితాల కట్ట పెట్టారు. మన జిల్లా గ్రామాల నుంచి ఒస్త్రావా బొగ్గు గనులకు పనికి వెళ్ళేవారి వివరాలవి. పేరు, వయస్సు, ఊరు, వెళ్ళే చోటు, వెళ్ళిన తేదీ అని అయిదు గడులు. ఆమె కట్టంతా తిరగేసి, లేచి నిలబడి అడిగారట.

"ఇందులో ఎందుకు వెళ్ళారో రాసే గడి లేదేమిటండీ, ఇంజనీరు గారూ?"

"అమ్మాయ్, ఎంతమంది వెళ్ళారో మనం చూసుకుంటాం. ఎందుకు వెళ్ళారో పార్టీ చూసుకుంటుంది. నువ్వు కూర్చో."

ఆమె కూర్చున్నారు. కూర్చుని, ప్రతి కాగితం అంచునా పెన్సిలుతో ఆరవ గడి గీసుకున్నారు. గనుల నుంచి సెలవుకు వచ్చినవారు బస్సు దిగే చోట నిలబడి వారిని ప్రశ్నించి ఆ గడి నింపుకోవడం ఆదివారాలలో వారికి అలవాటైంది. భౌతికశాస్త్ర ఉపాధ్యాయులైన వారి భర్త వ్లాస్తిమిల్ గారు, పెళ్ళైన కొత్తలో తన ఆదివారాలన్నీ బస్సు స్టాండులోనే గడిచాయని ఈనాటికీ ఫిర్యాదు చేస్తూనే ఉంటారు.

1993 జనవరి ఒకటిన మన దేశం చీలి రెండు దేశాలై, ఒస్త్రావా అవతలి దేశంలోకి పోయినప్పుడు, అక్కడికి వెళ్ళే గని కార్మికుడు తెల్లవారేసరికి పరదేశ వలస కార్మికుడయ్యాడు. మనిషి అదే, గని అదే, అతడెక్కే బస్సూ అదే. సరిహద్దు మాత్రం వచ్చి మధ్యలో నిలబడింది. ఈ వింత జెల్మీరా గారిని గాఢంగా ఆలోచింపజేసింది. వలస అనే మాటకు నిర్వచనమేమిటో తెలుసుకోవలెనన్న జిజ్ఞాసతో వారు బ్రాతిస్లావా విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరి, ఉద్యోగమూ, ఇద్దరు బిడ్డల పెంపకమూ, మంచాన పడిన అత్తగారి సేవా ఏకకాలంలో నిర్వహిస్తూ, 2001లో డాక్టరేటు పట్టా పుచ్చుకున్నారు.

ఆ పరిశోధనకు ఆధారమైనది వేతన వ్యత్యాస సిద్ధాంతం. తక్కువ కూలి దొరికే దేశం నుంచి ఎక్కువ కూలి దొరికే దేశానికి మనిషి కదులుతాడనీ, మొదట తాను వెళ్ళి, పిదప ఆలుబిడ్డలను తీసుకుపోతాడనీ, రెండు చోట్లా కూలి ఇంచుమించు సమానమయ్యేంతవరకూ ఈ కదలిక ఆగదనీ ఆ సిద్ధాంతం చెబుతుంది. పాఠ్యగ్రంథాలలో మరికొన్ని సిద్ధాంతాలూ ఉన్నాయి. నిర్ణయం మనిషిది కాదు, కుటుంబానిదని ఒకటి. ముందు వెళ్ళిన పరిచయస్థుడే దారి చూపుతాడని మరొకటి. సంపన్న దేశాలలో అక్కడివారు చేయనొల్లని పనులే పరాయివారిని పిలుచుకుంటాయని ఇంకొకటి. జెల్మీరా గారు అన్నింటినీ శ్రద్ధగా చదివి, కొలతకు లొంగేది మొదటిదేనని దానిని ఎన్నుకున్నారు. దాని ఆధారంగా వారు రూపొందించిన సమీకరణం ఎంతటి పేరు తెచ్చుకున్నదంటే, రాజధాని నుంచి సైతం అధికారులు వచ్చి నేర్చుకునిపోయేవారు.

2009లో జిల్లా విద్యాసంఘం మన కేంద్రాన్ని ఒక అంచనా కోరింది. రానున్న పదేళ్ళలో ఏ గ్రామంలో ఎంతమంది బడి పిల్లలుంటారు? అప్పటికి యాసెనా స్త్రీలకు పనిచ్చిన నేత మిల్లు మూతపడి పన్నెండేళ్ళు దాటింది. యాసెనా గ్రామం నుంచి నలభై మంది స్త్రీలు ఆస్ట్రియా దేశపు ఇళ్ళలో వృద్ధులకు సేవ చేసే పనికి వెళుతున్నారు; రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ. అక్కడి వేతనం ఇక్కడి దానికి మూడింతలు. సమీకరణం తన సమాధానం తాను చెప్పింది. 2018 నాటికి యాసెనాలో బడి పిల్లల సంఖ్య సున్నా. జెల్మీరా గారు పట్టిక కింద సంతకం చేశారు. సంఘం బడిని మూసివేయాలని తీర్మానించింది.

అయితే ఒక సందేహం వారిని వదలలేదు. యాసెనాకు మూడు కిలోమీటర్ల దూరాన కొప్రీవా అనే మరో ఊరున్నది. అదే పేదరికం, అదే నిరుద్యోగం, ఆస్ట్రియాకు అదే దారి. కాని అక్కడి నుంచి వెళ్ళిన స్త్రీలు ముగ్గురే. వేతనమే కారణమైతే ఒక ఊరు కదిలి, పక్క ఊరు కదలకుండా ఎట్లుంటుంది? ఈ ప్రశ్నను వెంటబెట్టుకుని 2010 జూన్ మొదటి వారంలో వారు యాసెనా వెళ్ళారు. ఆ ప్రయాణం వారి జీవితాన్ని మలుపు తిప్పింది.

ఊరి మొదట్లోనే ఒక ఇంటి పెరట్లో నిచ్చెన మీద నిలబడి చెర్రీ పళ్ళు కోస్తున్న స్త్రీ కనిపించింది. ఆమె పేరు ఎతెలా మిఖాలికొవా. వయస్సు నలభై ఎనిమిది. పూర్వం నేత మిల్లు కార్మికురాలు. జెల్మీరా గారు తమ పేరు చెప్పుకోగానే పైనుంచి జవాబు వచ్చింది.

"మీరేనా ఆ డాక్టరమ్మ? మా ఊరిని చంపేసింది మీరేనా?"

"చంపడమేమిటండీ?"

"పంచాయతీ బోర్డు మీద కాయితం అంటించారుగా. ఇంకో ఎనిమిదేళ్ళకి ఊళ్ళో పిల్లలు సున్నా అట. కింద మీ సంతకం. నేను ఆస్ట్రియాకి లేచిపోయానని మీ లెక్క. మరి ఈ చెట్టు మీదున్నది ఎవరు, నా దయ్యమా?"

"ఏడాదిలో ఆరు నెలలు మీరు అక్కడే ఉంటున్నారు కదండీ. ఇవాళ కాకపోతే రేపు ఇంటిల్లిపాదీ వెళ్ళిపోతారని..."

"అని ఎవరు చెప్పారు?"

జెల్మీరా గారు అబద్ధమాడలేరు. "సిద్ధాంతం చెప్పింది," అన్నారు.

"అయితే ఆ సిద్ధాంతం గారిని ఓసారి మా ఇంటికి పంపించండి. కడుపునిండా చెర్రీలు పెడతాను. తిన్నాక ఆయనే చెబుతాడు ఎవరు పోతారో, ఎవరుంటారో!"

తన మాటకు తానే విరగబడి నవ్వడంలో ఎతెలా కాలు జారింది. నిచ్చెన, బుట్ట, మనిషి కలిసి నేలకొచ్చాయి. జెల్మీరా గారే ఆమెను తమ కారులో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. చీలమండ ఎముక బీటలు వారింది. ఆరు వారాల కట్టు. కట్టు వేస్తున్నంతసేపూ కన్నీరు పెట్టని ఎతెలా, తిరుగు దారిలో ఏడ్వడం మొదలుపెట్టింది.

"నొప్పిగా ఉందా?"

"కాలు పోతే పోనీండి. శనివారం నా వంతు. నేను వెళ్ళకపోతే ఇప్పుడక్కడున్న మా ఊరి గిజెలా కదలడానికి లేదు. ఏజెన్సీవాళ్ళు ఇంకెవరినో పంపిస్తారు. ఎక్కడి మనిషో, ఎవరో. మా జత పోతుంది."

"జతంటే?"

"జతంటే జతే. దానికి అర్థమేముంటుంది?"

ఆ మాట అర్థం కాకపోయినా, ఆ కన్నీరు జెల్మీరా గారికి అర్థమైంది. తమ సిద్ధాంతం మీద ఆమె నవ్విన నవ్వే ఈ కాలు విరగడానికి కారణమన్న బాధా ఉన్నది. ఇరవై నాలుగేళ్ళుగా అంకెలలో చూస్తున్న ప్రయాణాన్ని ఒక్కసారి కళ్ళారా చూడవలెనన్న కుతూహలమూ ఉన్నది. ఈ రెండింటిలో ఏది బలమైనదో వారికే తెలియదు. కారు పక్కకు ఆపి, "నేను వెళితే కుదురుతుందా?" అని అడిగారు.

ఎతెలా ముక్కు తుడుచుకుని, ఉద్యోగానికి వచ్చిన అభ్యర్థిని చూసినట్టు వారిని పైనుంచి కిందికి చూసింది.

"వంటొచ్చా?"

"వచ్చు."

"మనిషిని ఎత్తి కూర్చోబెట్టడం?"

"మా అత్తగారిని మూడేళ్ళు చూసుకున్నాను."

"తిట్లు పడటం?"

"ఆఫీసులో ఇరవై నాలుగేళ్ళ అనుభవం."

ఆస్ట్రియాలో ఆ వృద్ధురాలి కుమార్తెతో ఫోనులో మాట్లాడి ఒప్పించారు. మన కేంద్రంలో రెండు వారాల సెలవు పత్రం ఇచ్చారు. ఆ సెలవులో క్రొయేషియా సముద్రతీరానికి వెళ్ళాలని అప్పటికే గది మాట్లాడి ఉంచిన వ్లాస్తిమిల్ గారు ఏమన్నారో ఈ సంచికలో అచ్చువేయడానికి వారు అనుమతించలేదు.

శనివారం తెల్లవారుతుండగా యాసెనా చర్చి ముందు చిన్న బస్సు ఆగింది. డ్రైవరు దుషాన్ మర్యాదగా, "డాక్టరమ్మగారూ, ముందు సీటు మీకు," అన్నాడు. లోపలి నుంచి ఎనిమిది గొంతులు లేచాయి.

"ముందు సీటెందుకు? ఆవిడా పనికే వస్తోందిగా!"

"ఎతెలా సీటు ఖాళీయే. వెనక, సంచుల పక్కన. అక్కడ కూర్చోమను."

జెల్మీరా గారు వెనక్కి వెళ్ళి, సంచుల పక్కన ఒదిగి, నోటు పుస్తకం తీశారు. ఎందుకు వెళుతున్నారని ఒక్కొక్కరినీ అడిగారు. పక్కన కూర్చున్న లుడ్మిలా అనే ఆమె ఇంటి పైకప్పు వేయించడానికని చెప్పింది. నిత్రా పట్టణం దాటేసరికి ఆమే, "పైకప్పు కిందటేడే వేయించేశాం లెండి. మా ఆయన మొహం నెలంతా చూడలేక వెళ్తున్నా," అన్నది. బస్సు పగలబడి నవ్వింది. సరిహద్దుకు చేరువలో, బ్రాతిస్లావా పొలిమేరల్లో అందరూ కునుకు తీస్తున్నప్పుడు, ఆమె జెల్మీరా గారి వైపు ఒరిగి మెల్లగా చెప్పింది.

"ఇంకొకటుంది డాక్టరమ్మా. అక్కడ నాకో గది ఉంది. తలుపేసుకుంటే నాదే. పుట్టి బుద్ధెరిగాక నాకంటూ ఓ గది ఉండటం అదే మొదలు. ఇది మాత్రం రాయకండి."

లుడ్మిలా గారి అనుమతితోనే, పద్నాలుగేళ్ళ తర్వాత, ఆ మాట ఇక్కడ చేరింది. ఎనిమిది మంది స్త్రీలు చెప్పిన కారణాలు దారి పొడవునా మారుతూ వచ్చాయి. ఇంటి దగ్గర చెప్పిన కారణం ఒకటి, సరిహద్దు దగ్గర చెప్పినది ఒకటి. ఆరవ గడిలో తాము ఇన్నేళ్ళూ రాసుకున్నవి బస్సు దిగే చోట దొరికిన జవాబులు మాత్రమేనని వారికి ఆనాడు తోచింది.

ఎగువ ఆస్ట్రియాలోని ఒక చిన్న పట్టణంలో ఆ వృద్ధురాలి ఇల్లు. పేరు వాల్‌పుర్గా; ఎనభై ఎనిమిదేళ్ళు; ఒకప్పటి బడిపంతులమ్మ. గుమ్మంలో గిజెలా సంచి భుజాన వేసుకుని సిద్ధంగా నిలబడి ఉంది. వీధిలో దుషాన్ హారన్ కొడుతున్నాడు. గిజెలా గడగడా అప్పగింతలు పెట్టింది.

"ఎడమవైపు పోగు తెగుతోంది, కనిపెట్టి చూసుకో. కుడివైపు నిదానమే. సాయంత్రం కండె మార్చాలి, మర్చిపోయేవు. మధ్యాహ్నం చప్పుడు ఎక్కువగా ఉంటుంది, పట్టించుకోకు. వస్తా!"

బస్సు వెళ్ళిపోయింది. వృద్ధురాలికి నేత పని సరదా కాబోలునని జెల్మీరా గారు అర్థం చేసుకున్నారు. మర్యాదగా రెండు గంటలపాటు ఇల్లంతా వెదికారు. మగ్గం లేదు, రాట్నం లేదు, ఒక్క నూలు ఉండ కూడా లేదు. పొయ్యి మీద బంగాళదుంప ఉండలు ఉడుకుతుండగా, ఇక లాభం లేదనుకుని ఎతెలాకు ఫోను చేశారు.

"మగ్గం ఎక్కడుంది ఎతెలా గారూ?"

ఫోనులో నవ్వు చాలాసేపు ఆగలేదు. "ఎడమ పోగంటే ఎడమ మోకాలమ్మా! కండెంటే వీపు మీద అంటించే మందు పట్టీ. సాయంత్రం పాతది తీసి కొత్తది వేయాలి. చప్పుడంటే తిట్లు. మధ్యాహ్నం పూట కాస్త ఎక్కువ తిడుతుంది."

"మరి ఇదంతా మిల్లు భాషలో ఎందుకు?"

"ఇంకే భాషలో చెప్పుకుంటాం? ఇరవై ఏళ్ళు నాకూ గిజెలాకీ ఒకే వరుస మగ్గాలు. పొద్దుటి షిఫ్టు నాది, మధ్యాహ్నం దానిది. చేతులు మారేటప్పుడు ఇలాగే అప్పగించుకునేవాళ్ళం. నేను మగ్గం దగ్గరుంటే నా పిల్లలు దానింట్లో తినేవాళ్ళు. అది మగ్గం దగ్గరుంటే దాని పిల్లలు నా ఇంట్లో."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడూ అంతే. నేనక్కడుంటే గిజెలా నా మామగారికి అన్నం పెడుతుంది, నా మేకల పాలు పితుకుతుంది, నా కూతురి కూతుర్ని బడికి దింపుతుంది. అదక్కడుంటే దాని ఇల్లు నాది. జతంటే ఇదే. చెబితే అర్థమవుతుందని నేననుకోలేదు."

ఈలోగా పొయ్యి మీద ఉండలన్నీ విచ్చిపోయి గంజిలా మారాయి. వాల్‌పుర్గా గారు ఆ గంజిని చెంచాతో కలియబెట్టి చూసి, ఇది ముద్దా, చారా అని అడిగారు. జెల్మీరా గారు చక్కని జర్మను వ్యాకరణంతో క్షమాపణ చెప్పుకున్నారు.

"నువ్వు పుస్తకంలా మాట్లాడుతున్నావే," అన్నదట ఆ వృద్ధురాలు. "ఎతెలా మనిషిలా మాట్లాడుతుంది. తప్పులుంటాయి, అయినా మనిషి మాట. ఇంతకీ నువ్వెందుకొచ్చావు ఇంత దూరం?"

"వాళ్ళెందుకు వస్తున్నారో తెలుసుకుందామని."

"ఓహో! మా నాన్న ప్రతి వసంతంలో గోడలు కట్టడానికి స్విట్జర్లాండు పోయేవాడు. ఆయనెందుకు పోయేవాడో మా అమ్మకి బతికున్నన్నాళ్ళూ అంతు పట్టలేదు. నీకు రెండు వారాల్లో తెలిసిపోతుందా? సరే, ఆ గంజి ఇలా తే. ఆకలేస్తోంది."

ఆ పద్నాలుగు రోజులలో వాల్‌పుర్గా గారు మధ్యాహ్నం నిద్రపోయే వేళలలో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, యాసెనా నుంచి వచ్చే నలభై మంది పేర్లూ జెల్మీరా గారు కాగితం మీద పెట్టారు. ఒక్కొక్కరి జత ఎవరో ఫోనులో ఎతెలా చెబుతూ ఉంటే రాసుకున్నారు. ఇరవై జతలయ్యాయి. అందులో పదిహేడు జతలు మిల్లులో ఒకే వరుస మగ్గాల మీద చేతులు మారినవారే. కొప్రీవా స్త్రీలో? వారంతా పండ్లు డబ్బాలలో నింపే కర్మాగారంలో పనిచేసినవారు. అక్కడ షిఫ్టులు లేవు. ఉదయం అందరూ కలిసి వెళ్ళి, సాయంత్రం అందరూ కలిసి వచ్చేవారు. ఒకరి ఇల్లు మరొకరు మోయవలసిన అవసరం వారికి ఎన్నడూ కలగలేదు.

సమీకరణంలో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క అంకె. యాసెనాలో మాత్రం ఇద్దరు స్త్రీలకు, రెండు ఇళ్ళకు, ఒకే పని. ఆ పని ఊళ్ళో మూతపడితే పరదేశంలో దొరికింది. ఒకరు అక్కడుండగలగడానికి మరొకరు ఇక్కడుండటమే ఆధారం. కుటుంబంతో తరలిపోయిన మరుక్షణం ఆ జత తెగుతుంది, జతతోపాటు పనీ పోతుంది. అందుకే వారు వెళతారు, అందుకే తిరిగివస్తారు. తాము చదివిన ఏ గ్రంథంలోనూ ఈ మాట లేదని జెల్మీరా గారికి తెలుసు. ఆ సాయంత్రం పట్టీ మార్చేటప్పుడు తమకు కలిగినది సంతోషమో, ఎనిమిదేళ్ళ పరిశోధన తప్పిందన్న భయమో తేల్చుకోలేకపోయానని వారు తర్వాత చెప్పారు.

తిరిగి వచ్చిన తొమ్మిదవ రోజున విద్యాసంఘం సమావేశం. బడి మూసివేతకు అదే తుది సంతకాల సభ. జెల్మీరా గారు ఆహ్వానం లేకుండానే వెళ్ళారు. చంకలో కర్రతో ఎతెలా, పక్కన గిజెలా, వెనుక వరుసలో కూర్చున్నారు. జెల్మీరా గారు బదులు వెళ్ళిన రెండు వారాలు మినహాయిస్తే, ఒకేసారి ఇద్దరూ దేశంలో ఉండటం వారికి ఆ ఏడాదిలో అదే మొదటిసారి. ఆ వారానికి లుడ్మిలాకు జత అయిన స్త్రీ ఒప్పుకుని, ఆస్ట్రియాలో తన ఇంటితోపాటు వాళ్ళ ఇంటినీ చూసుకున్నది.

సంఘాధ్యక్షుడు పాత పట్టికను పైకెత్తి చూపించాడు. "డాక్టరు గారూ, నిరుడు ఇదే బల్ల మీద మీరే పెట్టారిది. సంతకం మీదే కదా?"

"నాదే. తప్పూ నాదే. ఆ పట్టికను వెనక్కి తీసుకుంటున్నాను."

"నిరుడు శాస్త్రం, ఇప్పుడు చెర్రీ చెట్టు కింద ముచ్చట్లా?"

"నిరుడు నేను మనుషుల్ని ఒక్కొక్కరినే లెక్కపెట్టాను. అక్కడ ఇద్దరిద్దరున్నారు. నేను చూడలేదు."

"ఇలా వెనక్కి తీసుకుంటూ పోతే, రేపు మీ కేంద్రం ఇచ్చే పట్టికల్ని ఎవరు నమ్ముతారండీ?"

"తప్పయితే మేమే వచ్చి చెబుతామని తెలిస్తే, చెప్పనివాటిని నమ్ముతారు."

వెనుక వరుసలో గిజెలా పక్కనున్న ఎతెలాతో గుసగుసగా అన్నానని అనుకుని అన్న మాట అందరికీ వినిపించింది. "గంజి కాచినా, మాట గట్టిగానే చెప్పిందే!"

సంఘం రెండుగా చీలింది. చివరకు పెద్ద తరగతులను పట్టణానికి మార్చి, మొదటి నాలుగు తరగతులను యాసెనాలోనే ఉంచారు. పూర్తి విజయమని దానిని అనలేము. పెద్ద పిల్లలు నేటికీ చలిలో బస్సు కోసం నిలబడుతున్నారు. కాని సున్నా అని అంచనా వేసిన 2018వ సంవత్సరంలో ఆ నాలుగు తరగతులలో ఇరవై ఏడుగురు పిల్లలున్నారు. జెల్మీరా గారి పదోన్నతి మూడేళ్ళు ఆలస్యమైంది. దానికి కారణం ఇక్కడ రాయనవసరం లేదు, చదివేవారికి తెలుసు.

అభినందన వ్యాసంలో పొరపాట్లను ప్రస్తావించడం ఆచారం కాదు. అయినా తమ గురించి రాసేటప్పుడు కొప్రీవాను వదిలిపెట్టవద్దని వారే ఆదేశించారు. యాసెనా అధ్యయనానికి విదేశాలలో సైతం ప్రశంసలు వచ్చిన ఉత్సాహంలో, జతలు లేని కొప్రీవా వాసులు ఎక్కడికీ కదలరని 2012లో వారు రాశారు. ఆ మరుసటి ఏడాది కొప్రీవా నుంచి ఇద్దరు అన్నదమ్ములు జర్మనీలోని ఒక గిడ్డంగిలో పనికి చేరారు. వారి వెంట బావమరుదులు, వారి వెంట ఇరుగుపొరుగు, ఆలుబిడ్డలతో సహా. యాసెనా వారు వెళ్ళీ వెళ్ళకుండా నిలిచిపోగా, కొప్రీవా వారు వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. "ఒక ఊరి జవాబుని పక్క ఊరికి తొడిగాను. కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టినట్టయింది," అని వారు మన కేంద్రపు వార్షిక సభలో అందరి ఎదుటా చెప్పారు.

2020 వసంతంలో మహమ్మారి వలన సరిహద్దులు మూతపడినప్పుడు గిజెలా తొమ్మిది వారాలపాటు ఆస్ట్రియాలో చిక్కుకుపోయింది. ఇక్కడ ఎతెలా ఒక్కతే రెండిళ్ళూ మోసింది. ఏ స్త్రీ ఏ ఇంట ఉన్నదో, ఎవరిని ఎవరు విడిపించాలో తెలిపే జాబితా జిల్లా మొత్తం మీద జెల్మీరా గారి దగ్గర మాత్రమే ఉన్నది. అనుమతి పొందిన మొదటి బస్సు ఆ జాబితాను అనుసరించే కదిలింది. గిజెలా దిగిన రోజున వారు చర్చి ముందు దూరంగా, ముఖానికి మాస్కు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఎతెలా ఎదురు వెళ్ళి అన్న మొదటి మాట, "నీ మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నాకు." గిజెలా రోడ్డు మధ్యలోనే సంచి దించి ఏడ్చింది.

కిందటి నెలలో జరిగిన వీడ్కోలు ప్రసంగానంతరం, మన యువ పరిశోధకురాలు తమారా గారు లేచి, ఇన్నేళ్ళ అనుభవం తర్వాత ఏ సిద్ధాంతం సత్యమని మీరు భావిస్తున్నారని ప్రశ్నించారు. జెల్మీరా గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అన్నీ ఎవరో ఒకరి విషయంలో నిజమేనమ్మా. ఎవరి విషయంలో ఏదో కనుక్కోవాలంటే ఇల్లు కదిలి వెళ్ళాలి. కాని నాకు ఈమధ్య ఇంకో సంగతి నిద్ర పట్టనివ్వడం లేదు. వెళ్ళినవాళ్ళ కోసం ఇన్ని సిద్ధాంతాలు రాసుకున్నాం. కొప్రీవాలో ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి. అన్నదమ్ములు రమ్మంటున్నారు, అక్కడ పనుంది, దారి తెలుసు, అడ్డమేమీ లేదు. అయినా వాళ్ళు కదల్లేదు. ఉండిపోయినవాళ్ళ కోసం మనం ఒక్క సిద్ధాంతమూ రాయలేదు. అసలు వాళ్ళని ఎవరూ అడగనే లేదు."

జూలై ఒకటవ తేదీ నుంచి వేసవి మొత్తానికి కొప్రీవాలో ఒక గది అద్దెకు తీసుకున్నట్టు అప్పుడే ప్రకటించారు. ముందు వరుసలో కూర్చున్న వ్లాస్తిమిల్ గారికి సైతం ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆయన నెమ్మదిగా లేచి, "గదిలో మంచాలు ఒకటా, రెండా?" అని అడిగారు. రెండని చెప్పగా, "అయితే సరే. సముద్రం ఎలాగూ ఎక్కడికీ పోదు," అని కూర్చున్నారు. సభలో అంతటి కరతాళ ధ్వనులు అంతకుముందు వినలేదు.

డాక్టర్ జెల్మీరా హ్రొంచెకొవా గారికి నిండు ఆరోగ్యమూ, చురుకైన కాళ్ళూ, తరగని ఆయుర్దాయమూ కలగాలని మన కేంద్రం యావత్తూ మనసారా కోరుకుంటున్నది. కొప్రీవా వీధులలో వారు తట్టబోయే పదకొండు తలుపులూ తెరుచుకోవాలనీ, ప్రతి గడప దగ్గరా వారికి కూర్చోవడానికి ఒక కుర్చీ, చెప్పడానికి తీరిక ఉన్న ఒక మనిషీ దొరకాలనీ, వారికి వినిపించే మొదటి కారణం చివరి కారణం కాకూడదనీ ఆకాంక్షిస్తున్నాము.